నది వైపు గోడ

ఢిల్లీ మయూర్ విహార్ ఫేజ్ వన్‌లో, యమునకు ఎదురుగా నాలుగో అంతస్తు ఫ్లాటులో ఉంటున్న కొమ్మూరి భానుమతి అనే నేను, కీర్తిశేషులు నాగభూషణం భార్యను, సెక్షన్ ఆఫీసరుగా రిటైరైనదాన్ని, అరవై రెండో ఏట, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో నేనే రాస్తున్న వీలునామా ఇది. బలవంతమంటే ఏమిటో నాకు బాగా తెలుసు. అది ఇప్పుడు లేదు.

1. ఈ ఫ్లాటు నా జీతంతో కొన్నది, నా పేరున ఉన్నది, నా స్వార్జితం. నా తదనంతరం ఇది సర్వహక్కులతో నా ఒక్కగానొక్క కూతురు వాసవికి చెందాలి. అమ్మినా, అద్దెకిచ్చినా, గోడలకు తనకు నచ్చిన రంగు వేసుకున్నా అడ్డు చెప్పే హక్కు ఎవరికీ లేదు. నేనూ ఏ షరతూ పెట్టడం లేదు. షరతులతో బతికే తీరు ఈ ఇంట్లో నాగభూషణంతోనే పోవాలి.

2. ఆ తీరు ఎలాంటిదో రికార్డులో ఉండాలి. మేము చేరిన కొత్తలో హాల్లో నది వైపు పెద్ద కిటికీ ఉండేది. వర్షాకాలంలో నీళ్లు గట్టుదాకా వచ్చేవి. ఒక సాయంత్రం నేను అక్కడ నిలబడి ఉంటే ఆయన ఆఫీసు నుంచి వచ్చి, “నది చూస్తున్నావా, నదికి అవతల ఎవణ్ణన్నా చూస్తున్నావా?” అని నా జుట్టు పట్టి తల చట్రానికేసి కొట్టాడు. అడ్డం వచ్చిన పన్నెండేళ్ల వాసవి చెయ్యి విరిచాడు. మర్నాడు ఇటుకలు తెప్పించి కిటికీ మూయించాడు. గోడ మీది రక్తం మరకలు సున్నానికి ఆగలేదని హాలంతా చాక్లెట్ రంగు ఆయిల్ పెయింట్ వేయించాడు. అప్పటినుంచి మా ఇంట్లో పట్టపగలు ట్యూబ్‌లైటు వెలిగేది. వాసవి ఆ వెలుతురులోనే చదువుకుని ఉద్యోగస్తురాలైంది.

3. కింది ఫ్లాటు సరోజకు నా పేము కుర్చీ, నా కంచిపట్టు చీరల్లో ఆమె ఏరుకున్నది. పైన చప్పుడు వినబడినప్పుడల్లా ఆమె వచ్చి తలుపు కొట్టి, “భానుమతిగారూ, మీకు మా ఇంట్లో ఫోన్ వచ్చింది, రండి” అనేది. ఏ ఫోనూ ఉండేది కాదు. వాళ్ల వంటింట్లో కూర్చోబెట్టి టీ ఇచ్చేది, ఏమీ అడిగేది కాదు.

4. నాగభూషణం తమ్ముడు, ద్వారకలో ఉండే త్యాగరాజుకు ఏమీ లేదు. మరచిపోయి కాదు, గుర్తుపెట్టుకునే రాస్తున్నాను. నాగభూషణం పోయాక రెండేళ్లకు, కిందటి అక్టోబరులో, ఇల్లు బాగుచేయించడం మొదలుపెట్టాను. పాత రంగు గీకించి తెల్ల డిస్టెంపర్ వేయించాలని, కిటికీ తెరిపించాలని అనుకున్నాను. మేస్త్రీ బన్వారీ నాలుగు ఇటుకలు తీశాడో లేదో, త్యాగరాజు కొడుకు రఘునందన్‌తో వచ్చి, “అన్నయ్య కట్టించిన గోడ పడగొట్టడానికి నువ్వెవరు వదినా?” అంటూ బన్వారీని మెట్ల మీంచి కిందికి తోసేశాడు. ఇల్లు తన కొడుకుకు రావాలని అతని ఆశ. బయటికి నడవమన్నందుకు బన్వారీ సుత్తి తీసి నా భుజం మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. రెండో దెబ్బకు చెయ్యి ఎత్తాడు. కింద పడి ఉన్న గునపం ఎడమ చేత్తో అందుకుని అతని మోకాలి మీద కొట్టాను. పడ్డాడు. మళ్లీ లేవబోతే మళ్లీ కొట్టాను. ఇందుకు నాకు పశ్చాత్తాపం లేదు. కొడుకు అతన్ని ఈడ్చుకుపోయాక, నెత్తురోడుతున్న నుదుటితో బన్వారీ పైకి వచ్చి, “దీదీ, బస్ కరూఁ?” అని అడిగాడు. ఆపవద్దన్నాను. ఆ పూటే కిటికీ తెరుచుకుంది. అతని నుదుటిపై మచ్చ ఉండిపోయింది. నా చేతి బంగారు గాజుల జత అతని భార్యకు ఇవ్వాలి.

5. పోలీసులు “ఘర్ కా మామలా హై, మాతాజీ” అన్నారు. ఇంటి గొడవ కాదు, హత్యాయత్నమని రాయించేదాకా నేను స్టేషన్ నుంచి కదలలేదు. కేసు కోర్టులో ఉంది. నేను లేనని వాసవి రాజీపడకూడదు. ఇది షరతు కాదు, తల్లి మాట.

6. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత నా ఒకప్పటి సహోద్యోగి శివరామకృష్ణగారిది.

7. పోయిన ఆదివారం రఘునందన్ ఫోన్ చేసి, “పెద్దమ్మా, కేసు వాపసు తీసుకో. అంత ఎత్తు కిటికీ, ముసలివాళ్లు జారిపడుతుంటారు” అన్నాడు. కనుక రాస్తున్నాను: నాకు తల తిరిగే జబ్బు లేదు. చావాలన్న కోరిక లేదు. నేను ఆ కిటికీ కింద దొరికితే అది ప్రమాదమూ కాదు, ఆత్మహత్యా కాదు. శివరామకృష్ణగారు ఈ కాగితంతో నేరుగా మెజిస్ట్రేటు దగ్గరికి వెళ్లి పోస్టుమార్టం కోరాలి. ఇనప గ్రిల్ పెట్టించుకోమని సరోజ పోరుతోంది. ఇన్నేళ్లు ఇటుకల వెనక బతికాను. ఊచల వెనక బతకను.

తేదీ: 11 మార్చి 2007, ఢిల్లీ

(సంతకం) కొమ్మూరి భానుమతి

సాక్షులు, మా ఎదుటే సంతకం చేసినట్టు:
ఎస్. మాణిక్యం, విశ్రాంత ఉపాధ్యాయిని, మయూర్ విహార్
డాక్టర్ కేశవరావు, సాకేత్