ప్లే డే అంటే ఆట కాదు

మందమర్రి,
నవంబరు 17, సోమవారం.

సుగుణక్కకు చెల్లెలు శకుంతల నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ సరిత, అల్లుడు రాజేశం, పిల్లలిద్దరూ, నేనూ బాగున్నాం. నీ మోకాలు ఎట్లా ఉంది? బావ చక్కెర లేని చాయే తాగుతున్నాడా, లేక నువ్వు అటు తిరగగానే చెంచాడు వేసుకుంటున్నాడా? నిజం రాయి.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకని అడుగుతావు. పోయిన బుధవారం ఫోనులో నీతో ఒక మాట అన్నాను, అల్లుడికి పిల్లల మీద ధ్యాస లేదని, ఆదివారం వస్తే ఆటలకు పోతున్నాడని. ఆ మాట తప్పు. గనివాళ్లు అల్లుడికి ఇచ్చిన ఈ క్వార్టరులో ఉన్నవి రెండు గదులు. నేను వంటింట్లో మెల్లగా మాట్లాడినా ముందు గదిలోకి వినబడుతుంది. అందుకే రాస్తున్నాను. బావకు కూడా చదివి వినిపించు.

నేను వచ్చి నేటికి నలభై ఒక్క రోజులు. మొదటి వారం కష్టమైంది. ఆరేసిన తెల్ల చీర మీద సాయంత్రానికి నల్లటి నలుసులు ఉంటాయి. మధ్యాహ్నం గనిలో బండలు పేల్చినప్పుడు అరలో గిన్నెలు కదులుతాయి. మొదటి రోజు చిన్నును చంకనేసుకుని బయటికి ఉరికాను. వాడికి మూడేళ్లు. "అమ్మమ్మా, బాంబు అయిపోయింది, అన్నం పెట్టు" అన్నాడు. ఇప్పుడు నాకూ అలవాటైంది. చలి మాత్రం మన హుజూరాబాద్ కంటే ఎక్కువ. జొన్నపిండి దొరుకుతుంది కానీ బరకగా ఉంటుంది, రొట్టె అంచులు పగులుతాయి.

సరిత ఆరున్నర బస్సుకు ఆసిఫాబాద్ ఆస్పత్రికి పోతుంది. నర్సు డ్యూటీ, ఆదివారమే సెలవు రావాలని లేదు. సిరి ఒకటో తరగతి. చిన్ను పడుకున్నాక, సిరి బడి నుంచి వచ్చేదాకా నాతో మాట్లాడే మనిషి ఉండదు. అప్పుడే నువ్వు గుర్తొస్తావు. దిగులు పడకు, చదువుకోవడానికి పుస్తకాలు తెచ్చుకున్నాను. బాగానే ఉన్నాను.

ఇక అసలు సంగతి. నేను వచ్చిన తరువాత ఆరు ఆదివారాలు గడిచాయి. అందులో ఐదు ఆదివారాలు రాజేశం పొద్దున్నే పోయాడు. ఇంట్లో ఉన్న ఒక్క ఆదివారం రోజంతా వాన. పోయే ముందు రోజు, "అత్తమ్మా, రేపు ప్లే డే ఉన్నది" అనేవాడు. పక్క క్వార్టరతను గోడ మీదుగా, "ప్లే డే దొరికిందా అన్నా? నీ నసీబే నసీబు!" అని పలకరించేవాడు. ఇద్దరూ నవ్వుకుంటూ టిఫిన్ డబ్బాలతో బయలుదేరేవారు. మూడు దాటాక స్నానం చేసి, తల దువ్వుకుని, తెల్ల చొక్కాతో తిరిగొచ్చేవాడు. నేనేమనుకోవాలి?

రెండో ఆదివారం సిరి నన్ను అడిగింది. "అమ్మమ్మా, ప్లే డే అంటే ఏంది?"

ముప్పై రెండేళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పినదాన్ని. వెంటనే చెప్పాను, ప్లే అంటే ఆట, డే అంటే రోజు అని.

ఆ సాయంత్రం నుంచి సిరి తండ్రి దగ్గరికి పోవడం మానేసింది. బిస్కెట్లు తెస్తే తమ్ముడికి ఇచ్చేది. "ఏమైంది బిడ్డా, అలిగినవా?" అని రాజేశం అడిగితే "అలగలే" అని నా వెనక్కి వచ్చేది. ఒకరోజు తమ్ముడితో అంటుంటే విన్నాను: "డాడీకి మనతోని ఆడుకునుడు ఇష్టం లేదురా. పెద్దోళ్లతోనే ఇష్టం." నాకు కోపం అల్లుడి మీద వచ్చింది. అల్లుడింట్లో ఉంటూ అల్లుడి తప్పు ఎత్తిచూపడం బాగుండదని సరితతో అనలేదు. నీతో అన్నాను.

నిన్న ఇక ఊరుకోలేదు. ఇద్దరికీ తలలు దువ్వి, చెప్పులు తొడిగి, ఆటస్థలానికి తీసుకుపోయాను. పిల్లల ముందే అడుగుదామని. అక్కడ కుర్రాళ్లు క్రికెట్ ఆడుతున్నారు, రాజేశం లేడు. గేటు దగ్గర స్టూలు మీద ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు, గనిలో పనిచేసి రిటైరైనవాడు.

"ప్లే డే ఆటలు ఎక్కడ అవుతున్నయి?" అని అడిగాను.

"ఏం ఆటలు?"

"మా అల్లుడు ప్రతి ఐతారం ప్లే డేకు వస్తడు."

ఆయన నవ్వు ఆపుకోలేక తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "ఓ అమ్మా! ప్లే డే అంటే ఆడుడు గాదు, బొగ్గు బాయిల దిగుడు. సెలవు నాడు డ్యూటీ. జీతం రెండింతలు, గందుకే అందరు ఎగవడతరు. నీ అల్లుడు గిప్పుడు భూమి కింద పంపు కాడ ఉంటడు."

"మరి ఆ పేరేంది?"

"ఎవలు పెట్టిండ్రో మాకేం ఎరుక! జర సదువుకున్నట్టున్నవు, గందుకే తప్పువడ్డవు. సదువురాని మా ముసల్దానికి ఎరుకే."

సిరి నా కొంగు పట్టుకుంది. "డాడీ ఆడుకుంటలేడా?"

"లేదు బిడ్డా."

"మరి నువ్వు చెప్పినవు గద!"

"తప్పు చెప్పిన," అన్నాను. అంత చిన్న పిల్లతో ఆ మాట అనడం నాకు ఇదే మొదటిసారి అక్కా.

ఇంటికి వచ్చి అది గడప మీద కూర్చుంది. అన్నం కూడా అక్కడే తిన్నది. రాజేశం బండి దిగగానే ఎదురుపోయి చెయ్యి పట్టుకుని గోళ్లు చూసింది. సబ్బుతో ఎంత కడిగినా గోళ్ల సందుల్లో నలుపు ఉంటుంది. ఇన్నాళ్లు నేనూ చూడలేదు.

"డాడీ, కింద చీకటి ఉంటదా?"

"నెత్తి మీద లైటు ఉంటది బిడ్డా."

"ఒక్కనివే ఉంటవా?"

"లే, దోస్తులుంటరు." అతను ఏమీ అర్థం కాక నా వైపు చూశాడు. జరిగిందంతా చెప్పాను, నా తప్పుతో సహా. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. బిడ్డను ఎత్తుకుని, "గందుకేనా మూడు వారాల సంది మాట్లాడుతలేవు?" అన్నాడు. నిజానికి నాలుగు వారాలు. నేను దిద్దలేదు.

తరువాత అడిగాను, ప్రతి ఆదివారం పోవడం ఎందుకని.

"నువ్వు వచ్చినవు గద అత్తమ్మా! ఇదివరకు సరిత డ్యూటీకి పోతే పిల్లలను చూసెటోళ్లు లేకుండె. ఐతారం నేను ఇంట్లనే ఉంటుంటి. ఇప్పుడు నువ్వున్నవు, నాకు ఫికర్ లేదు."

"ఇంట్ల ఉండి ఏం చేస్తుంటివి?"

"ఏముంది, బండి మీద ముందల చిన్నుగాన్ని, ఎనుక సిరిని ఎక్కించుకొని తిరుగుడే. ఓసారి గాంధారి ఖిల్లా కాడికి పోయినం. మిర్చీలు తిన్నం. చిన్నుగాడు బండల మీద పడి మోకాలు కొట్టుకున్నడు, సరిత ఇద్దరినీ తిట్టింది."

నన్ను మెచ్చుకుంటూ చెప్పాడు అక్కా. నాకు మాత్రం అన్నం సహించలేదు. పిల్లలకు అండగా ఉందామని వచ్చి, వాళ్లకు తండ్రితో ఉన్న ఒక్క రోజును నేనే తీసేశాను.

వచ్చే ఆదివారం పోవద్దని గట్టిగానే చెప్పాను. "గట్లనే" అన్నాడు. గంట కాకముందే ఫోను వచ్చింది. "ఐతారం వస్త సార్, వస్త. ఇంట్ల మా అత్తమ్మ ఉన్నది, ఏం పరేషాన్ లేదు" అన్నాడు. ముందు గదిలోంచి నాకు స్పష్టంగా వినబడింది.

నేను ఇంట్లో ఉన్నంత కాలం ఆదివారం అతను ఉండడు. కాబట్టి నేను ఉండకూడదు. సిరి తల దువ్వి, వాళ్లతో ఆదివారం గడపాలని నాకూ ఉంటుంది. మిగతా ఆరు రోజులు నాకు చాలు.

బావకు నా నమస్కారాలు. మీ ఇద్దరి దీవెన నా పిల్లల మీద ఉండాలి. ఇక జరగవలసినవి ఇవి:

1. నేను అన్న తప్పు మాట ఎవరెవరికి చెప్పావో వాళ్లందరికీ అది తప్పని చెప్పాలి. పేర్లు నాకు రాయాలి.

2. ఈ గురువారం సరితకు ఫోను చేసి, ఇక మీద శనివారం శనివారం నన్ను పంపమని అడగాలి. అబద్ధం అక్కర్లేదు. నీ మోకాలి నొప్పి నిజమే, నేను తోడు ఉంటే మంచిదన్నదీ నిజమే.

3. శనివారం సాయంత్రం బస్సుకు బావ రానక్కర్లేదు. కరీంనగర్‌లో మారి నేనే వస్తాను.

4. మంచి జొన్నపిండి రెండు కిలోలు పట్టించి ఉంచాలి. ఆదివారం రాత్రి తిరిగి వచ్చేటప్పుడు తెచ్చుకుంటాను.

5. ఆదివారం నేను నీ దగ్గర ఉన్నప్పుడు, పిల్లలు ఏం చేస్తున్నారో ఫోను చేసి అడుగుతానని లేస్తాను. నా చేతిలోంచి ఫోను లాక్కోవాలి.

నీ చెల్లెలు,
శకుంతల