గ్రాఫిక్స్ కార్డు చీటీ

బాపూ,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. చెల్లె పాలిటెక్నిక్‌లో చేరింది. మన పాత కంప్యూటర్ ఆన్ అయ్యేలోపు తను అన్నం తిని వస్తోంది. అందుకే ఈ రోజు కంప్యూటర్ డబ్బాను బండి మీద పెట్టుకుని సిద్దిపేటలో యూసుఫ్ భాయ్ రిపేరు షాపుకు పోయాను. కావలసిన సామాన్లు చీటీ మీద రాసుకున్నాను. చివర్లో కొత్త గ్రాఫిక్స్ కార్డు కూడా రాశాను. అది చెల్లెకు కాదు, నా ఆటలకు.

భాయ్ డబ్బా విప్పాడు.

"ర్యామ్ పెంచి, హార్డ్ డిస్క్ జాగల ఎస్సెస్డీ ఏద్దాం, జల్ది ఆన్ అయితది. సదువుకు గంతే సాలు."

దుమ్ము పట్టిన పాత కార్డు మీద వేలు పెట్టి నవ్వాడు.

"గిది యాదికున్నదా? నువ్వు రాసిచ్చిన చీటీ పట్టుకొని మీ బాపు వచ్చిండు. గిది ఆటలకే, సదువుకు అక్కర లేదని జెప్పిన."

చదువుకే అని నీతో చెప్పింది నేను. ఆ ఆటల్లో పడే టెన్త్ తప్పాను. కంప్యూటర్ మంచిది కాకనే తప్పానని నీ మీదే అరిచాను.

"బాపు ఏమన్నడు భాయ్?"

"'పోనీ తియ్, పోరడు ముచ్చటపడి రాసిండు, గదే ఇయ్యి. నువ్వు నాకు జెప్పినవని వానితోని అనకు, సిగ్గుపడ్తడు' అన్నడు."

ఇన్నేళ్లూ నీకు తెలియదనుకున్నాను, బాపూ.

"ఇయ్యాల గూడ చీటీ తెచ్చినవా?" అని భాయ్ అడిగాడు.

జేబులోనే దాన్ని నలిపేశాను.

"లేదు భాయ్. చెల్లె సదువుకు ఏం గావాల్నో గదే ఏయి."