గొర్రెల గేటు

మార్చి 9, గురువారం

స్మృతి సంచిక సంపాదకురాలు గారికి,

నమస్కారాలు. తమరూ, తమ ఇంటిల్లిపాదీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మోకాళ్లు మినహా నేనూ కులాసాయే.

తమరి ఉత్తరం అందింది. ఆరో తరగతిలో బడివాళ్లు మనల్ని వారం రోజులు ఉంచిన ఆ పల్లె విడిది పెట్టి యాభై ఏళ్లు నిండాయట. అక్కడ బస చేసిన పాత పిల్లలందరూ ‘మధుర స్మృతులు’ రాసి పంపాలట. చదివి నవ్వొచ్చింది. చీమా, నలభై ఏళ్ల తర్వాత నువ్వు నాకు రాసిన మొదటి ఉత్తరంలో ‘అనుభూతి’ అన్న మాట మూడుసార్లు ఉంది. ఇక గారూ గీరూ నావల్ల కాదు.

ఏవి మధురం? ఆ అడుగంటిన పాలా? ముప్పై జతల తడి బూట్లు ఒకే గదిలో ఆరబెట్టి, ఆ కంపులోనే మనచేత పాటలు పాడించిన తెలివా? రెండో రోజు నల్లబల్ల మీద ఉన్నది చూసి అందరం ఇంటికి ఒకే ఉత్తరం రాశాం. భోజనం బాగుంది, గాలి బాగుంది అని. మా అమ్మ అది చదివి, ఇది నా కూతురు రాసింది కాదు, ఒక్క తిట్టూ లేదు అందట.

ఇక ఆ విడిది పెద్ద, మన ఈలాయన. లేవడానికి ఈల, చేతులు కడుక్కోవడానికి ఈల. ప్రకృతిని ప్రేమించండి అంటూ నత్తను తొక్కేసిన మహానుభావుడు. సంచిక అట్ట మీద ఆయన బొమ్మ వేస్తున్నావట. వేసుకో, ఈల కూడా వేయించు.

ఆయన చేసిన ఘనమైన శాసనం ఒకటే, గేటుది. గొర్రెలు మేసే పొలం దాటేటప్పుడు వరసలో చివరి మనిషి గేటు మూసి, తాడు ముడివేసి, కట్టేశా అని అరవాలి. మూడో రోజు చివర నువ్వే. అరిచావు కూడా. వాగు నుంచి తిరిగొచ్చేసరికి గొర్రెలన్నీ పక్క రైతు క్యాబేజీ మడుల్లో ఉన్నాయి. ఒక్క ముడి వెయ్యడం చేతకాదా అని ఈలాయన నిన్ను అందరి ముందూ కడిగేశాడు. సాయంత్రానికి మీ నాన్నను పిలిపించి ఇంటికి పంపేశాడు. రెండున్నర రోజులున్నదానివి నువ్వా మధుర స్మృతులు ఏరుతున్నావు? సిగ్గుండాలి.

పైగా ఆ గొర్రెల కథ నన్నే రాయమన్నావు, సరదాగా ఉంటుందని. ఇప్పటికీ ఇంటికి తాళం వేసి, వీధి చివరిదాకా వెళ్లి, వెనక్కొచ్చి లాగి చూసుకుంటానని, మీ ఆయన నవ్వుతాడని రాశావు. దాన్ని సరదా అనుకునే నీ బుర్రకు జోహార్లు. నేను రాయను. నా పేరు లేకుండానే అచ్చేసుకో.

మీ ఆయన్ని అడిగానని చెప్పు. పిల్లలకు దీవెనలు.

ఇట్లు,
నీ పై మంచం పిల్ల

తా.క. కవరు అంటించి, మళ్లీ చింపాను. ఆ రోజు దారిలో టోపీ మరిచిపోయానని వెనక్కి పరిగెత్తాను, గుర్తుందా? టోపీ గేటు అవతల ఉంది. నీ ముడి ఎంత బిగువంటే పళ్లతో లాగి విప్పాల్సి వచ్చింది. వచ్చేటప్పుడు మీరంతా దూరమైపోతున్నారన్న కంగారులో గేటు ఊరికే దగ్గరకు లాగి పరిగెత్తాను. నిన్ను మీ నాన్న తీసుకెళ్తుంటే కిటికీలోంచి చూస్తూ నోరు మెదపలేదు. తర్వాత నాలుగు రోజులూ ఎంత హాయిగా గడిచాయో తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం. వాగులో ఈత నేర్చుకున్నాను. కింద నీ మంచం ఖాళీగా ఉండేది. బడికి తిరిగొచ్చాక నీ మొహం చూడలేక మాట్లాడటం మానేశాను, అంతేగాని నీ తప్పేం లేదు. సంచికలో ఇదే వేయి, నా పేరుతో. ముడి నువ్వు సరిగ్గానే వేశావే. ఇక తాళం ఒక్కసారి వేసి వెళ్లిపో.