వరస చివర నీ చోటు

అక్కా,

నువ్వు పోయాక ఇది రెండో ఇటుకల పండగ. మగాళ్లు వేటకి పోతే, ఆడోళ్లం ధింసా ఆడాం. ధింసా వరస చివర ఈసారి నీ కూతురు జ్యోతిని నిలబెట్టి, నేను ముందుకెళ్లాను. వరస తిరిగేటప్పుడు బరువంతా చివరి మనిషి మీదే పడుతుంది, గట్టి మనిషే ఉండాలి అక్కడ అనేదానివి కదా.

రోడ్డు మీద కారాపిన టూరిస్టెవడో జ్యోతి నడుమే కనబడేలా రీల్ తీసి పెట్టాడు. "అరకులో ఏనుగులు కూడా డ్యాన్సేస్తాయి" అని రాశాడు. పదో తరగతి పిల్ల మీద! కింద జనాల నవ్వులు. గుంట బడికెళ్లనంది, అన్నం ముట్టలేదు. వాణ్ణి ఈడ్చుకొచ్చి కాఫీ తోటలో గోతులు తవ్వించాలనిపించింది నాకు.

ఒకరోజు జ్యోతే ఫోన్ తీసింది.

"ఏటి సేత్తన్నావే?"

"ఉండు పిన్నీ."

వాడి రీల్ చూపించి, మొహం దాచుకోకుండా మాట్లాడింది. "ఆ చివరున్నది నేనే. అది మా అమ్మ చోటు. అక్కడ నిలబడాలంటే బలం కావాలి. నాకు మా అమ్మ ఒళ్లే వచ్చింది. అడక్కుండా ఆడపిల్లని వీడియో తీసి నవ్వడానికి ఏం కావాలో మీరు చెప్పండి."

ఆ వీడియో అందరికీ కనబడేలా పెట్టేసింది. వాడు రీల్ తీసేశాడు. తప్పయిందని మాత్రం అనలేదు, వెధవ.

నిన్న పండగ ఆఖరి రోజున మళ్లీ డప్పు మోగింది. జ్యోతి వెళ్లి చివరే నిలబడింది. ఈసారి నేను పక్కన నిలబడి, వెనక నుంచి చెయ్యేసి దాని నడుం పట్టుకున్నాను. నీ నడుం చుట్టూ ఎంతవరకు అందేదో, నా చెయ్యి అంతవరకే అందింది. అడుగు తప్పాను.

"ఏటైంది పిన్నీ?"

"ఏం లేదే. బేగి తిరుగు."

డప్పు ఆగిపోయాక కూడా చెయ్యి తియ్యబుద్ధి కాలేదక్కా.