మంచం ఎక్కడ దించాలి?

జూన్ 14, శుక్రవారం
ఆఫీసు నుంచి, భోజనాల వేళ

అన్నయ్యకు,

చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. వదినా పిల్లలూ బాగున్నారని తలుస్తాను. నేనిక్కడ క్షేమమని రాయడం పద్ధతే కానీ, నా క్షేమం సంగతి సోమవారం దాటితే కానీ చెప్పలేను. భయంగా ఉంది అన్నయ్యా. పది నెలలుగా ముఖం చూపించనిది ఇప్పుడు భయమేసిందని ఉత్తరం రాస్తోందేమిటని నవ్వుకుంటావేమో. నవ్వుకో. చించి పారేయకుండా చివరిదాకా చదివితే అదే పదివేలు.

ముందు మంచి కబురు చెప్తాను. మన కంపెనీ బాగుంది. ‘మన’ అని అలవాటు కొద్దీ రాశాను, ఏమీ అనుకోకు. ఈ మార్పుకి కారణం నేనేనని ఇక్కడ అందరూ అంటున్నారు. నా భయమంతా అక్కడే మొదలైంది.

నువ్వున్నప్పుడు ఒక రోగి మంచం అద్దెకు వెళ్లాలంటే నాలుగు కాగితాలు కదా. కౌంటరులో ఆర్డరు చీటీ, నా దగ్గర ఫోన్ చీటీ, గోడౌన్‌లో సామాను చీటీ, బండి తోలే నీ చేతిలో రశీదు. ఒకే చిరునామాను నలుగురం నాలుగు రకాల గిలుకుడు రాతతో ఎక్కించేవాళ్లం. నాలుగో కాగితం దగ్గరికి వచ్చేసరికి ఇల్లు లేచి పక్క వీధికి నడిచిపోతుందని నువ్వే వేళాకోళం చేసేవాడివి. తలుపు చాలక ఒక మంచం, మెట్ల మలుపులో ఇరుక్కుని ఇంకో మంచం, ఇలా నాలుగు ట్రిప్పుల్లో ఒకటి తిరిగి వచ్చేది. అక్కడ ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషి కుర్చీలో కూలబడి ఎదురుచూస్తూ ఉండేవాడు.

ఇప్పుడు ఒకటే కాగితం. కార్బన్ పెట్టి మూడు ప్రతులు తీస్తాం. రాసేది మనం కాదు, మంచం కావాలన్న వాళ్లే. కాగితంలో సగం తలుపు బొమ్మ ఉంటుంది, వెడల్పు కొలిచి ఆ బొమ్మ మీదే వేయాలి. ఇంట్లో టేపు లేదంటారేమోనని కాగితం అంచునే అంగుళాల గీతలు అచ్చు వేయించాను. మెట్లెన్ని, మలుపు ఉందా, మంచం వేసే చోట ఇప్పుడేముంది, ఇవీ ప్రశ్నలు. చిరునామా అనే మాటే తీసేశాను అన్నయ్యా. దాని బదులు, మంచం వచ్చే రోజున రోగి ఎక్కడ ఉంటారు అని పెట్టాను. చిరునామా అడిగితే జనం ఏ పాత కాగితం మీదున్నదో దింపేస్తారు. రోగి ఎక్కడుంటారని అడిగితే ఆగి ఆలోచిస్తారు. పెద్దక్క ఇంట్లో, కింది గదిలో, కిటికీ పక్కన అని రాస్తారు.

మొన్న ఒకాయన వచ్చాడు. భార్యను ఆసుపత్రి నుంచి తెచ్చేసరికి మంచం వేసి, తల వైపు ఎత్తి, సిద్ధంగా ఉందట. కృతజ్ఞత ఎలా చెప్పాలో తెలియక కౌంటరు దగ్గర కాసేపు నిలబడి, చివరికి ఒక చక్రాల కుర్చీ కూడా అద్దెకు తీసుకుని వెళ్లాడు. ఆయన చెబితే ఆయన బావమరిదీ, ఆ బావమరిది చెబితే ఇంకొకరూ వచ్చారు. రోజుకి ఏడు ట్రిప్పులు తిరిగే అవే రెండు బళ్లు ఇప్పుడు పదకొండు తిరుగుతున్నాయి. కంపెనీ పెద్దాయన మూడో బండి కొన్నాడు. ఆయన నవ్వితే పళ్లు ఎలా ఉంటాయో పన్నెండేళ్లలో మొదటిసారి చూశాం. గోడౌన్ తాత, ఇన్నాళ్లూ ఈయన పళ్లు కూడా అద్దెకిచ్చేశాడనుకున్నానని అన్నాడు.

ఇక భయం కబురు. పెద్దాయన సొరుగులో తల పెట్టి మాట్లాడతాడని నీకు తెలుసుగా. పోయిన వారం అలాగే ఏదో అన్నాడు, నేను తల ఊపాను. మధ్యాహ్నం నోటీసు బోర్డు చూస్తే కానీ అదేమిటో తెలియలేదు. సోమవారం ఉదయం ఆరు బ్రాంచీల వాళ్లు వస్తున్నారట. కొత్త కాగితం గురించి నేను నిలబడి మాట్లాడాలట. వాళ్లు అడిగిన ప్రశ్నలకు జవాబులు చెప్పాలట. ఇంత చక్కటి ఆలోచన ఎలా వచ్చిందో నా నోటితోనే చెప్పాలట. అది బాగా జరిగితే అన్ని బ్రాంచీల కాగితాలూ నా చేతికే ఇస్తాడట.

సంతోషించాల్సిన దానికి ఏడుపేమిటే అని వదిన అంటుందేమో. నాకు తిండి దిగడం లేదు. వెనక నుంచి ఎవరైనా భుజం తడితే కుర్చీలోంచి ఎగిరి పడుతున్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నా బతుకు.

భోజనాల గంట అయిపోయింది. మళ్లీ రాస్తాను.

ఆదివారం ఉదయం, ఇంట్లో

మా పాప స్నేహితురాలి ఇంటికి వెళ్లింది. కాలేజీలో చేరి ఏడాదైనా కాలేదు, అప్పుడే నాకు బుద్ధులు చెబుతోంది. సోమవారానికి ఏ చీర కట్టుకోవాలో కూడా తనే తీసి పెట్టింది. అమ్మ మాట్లాడుతుంటే చూడ్డానికి వస్తానంటే వద్దన్నాను. గట్టిగా వద్దన్నానేమో, చిన్నబుచ్చుకుని వెళ్లింది.

నీ ఉద్యోగం పోగొట్టిన ఆ రోజు సంగతి రాయకుండా నా భయం నీకు అర్థం కాదు. నీకు తెలిసిందే, కానీ నేను నిలబడిన వైపు నుంచి నువ్వు చూడలేదు. తుంటి విరిగిన ముసలాయన కోసం ఆయన కూతురు మంచం అడిగింది. మేం ఇల్లు మారుతున్నాం, పంపే ముందు ఫోన్ చేసి కనుక్కోండి అని ఆర్డరు చీటీ అడుగున రాసి వెళ్లింది. నా ఫోన్ చీటీ మీద టిక్కు ఉంది, చిరునామా సరైనదేనని నా సంతకం ఉంది. నువ్వు ఆ చీటీని నమ్మి మంచం ఎక్కించుకుని వెళ్లావు. ఇంటికి తాళం. రెండు గంటలు ఎండలో నిలబడి మంచంతో తిరిగి వచ్చావు. ఆ రాత్రి ముసలాయన కొడుకు ఇంట్లో నేల మీద చాప వేసుకుని పడుకున్నాడు. తెల్లారి లేవబోయి మళ్లీ పడ్డాడు, మళ్లీ ఆసుపత్రి.

ఆ కూతురు వచ్చి కౌంటరు ముందు అరిచిన అరుపులు నేనింకా మరిచిపోలేదు. పెద్దాయన నా చీటీ బల్ల మీద పెట్టి, చిరునామా ఖాయమని రాసి ఉంటే తాళం వేసి ఉండటమేమిటి, నువ్వు అసలక్కడికి వెళ్లలేదు, బండి వేసుకుని సొంత పని మీద తిరిగావు అన్నాడు. పక్కనున్న మందుల కొట్టు నుంచి ఆఫీసుకి మూడుసార్లు ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదన్నావు నువ్వు. ఆయన నా వైపు తిరిగి, ఏమ్మా, ఫోన్ వచ్చిందా అని అడిగాడు. ఫోన్ మోగలేదని చెప్పాను.

నువ్వు నన్ను ఒక్కసారి చూశావు. బండి తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయావు. పన్నెండేళ్లు చెల్లాయ్ అని పిలిచిన మనిషివి, తిట్టినా బాగుండేది.

మొన్న బుధవారం ధైర్యం చేసి పెద్దాయన దగ్గరికి వెళ్లాను. మూడో బండికి డ్రైవరు కావాలి కదా, పాతాయన్ని పిలిపించండి, ఆయనకు తెలియని సందు లేదు అన్నాను. అబద్ధమాడినవాడికి నా బండి ఇవ్వను, దొంగ అనలేదని సంతోషించమను అన్నాడు. అక్కడే ఒక మాట చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. కానీ సరే సార్ అని వచ్చేశాను. నువ్వు మూడు నెలలుగా ఎవరో ఇసుక వ్యాపారి దగ్గర రోజుకూలీకి బండి తోలుతున్నావని తాత చెప్పాడు. నీ పేరు మీద పడ్డ మచ్చ చూసి ఇంకెవరూ ఖాయంగా పెట్టుకోవడం లేదని కూడా చెప్పాడు.

నాకు ముందు నుయ్యి, వెనుక గొయ్యి. సోమవారం నిలబడి మాట్లాడితే ఒక భయం, మాట్లాడకపోతే ఇంకో భయం. ఈ ఉద్యోగం పోతే పాప చదువు ఆగిపోతుంది. వాళ్ల నాన్న ఉండి ఉంటే కనీసం ఆయన వెనక దాక్కునేదాన్ని. కానీ ఆరుగురు మేనేజర్ల ముందు నిలబడి, ఈ కాగితం నా తెలివితేటల వల్ల పుట్టిందని చెప్పి చప్పట్లు కొట్టించుకుని ఇంటికి వస్తే, పాప కట్టమన్న ఆ చీర నా ఒంటి మీద నిప్పులా ఉంటుంది.

వదినకు నా నమస్కారాలు చెప్పు. ఆమె అందుకోకపోయినా సరే, చెప్పు.

ఇట్లు,
నువ్వు చెల్లాయ్ అని పిలిచే,
ఫోన్ బల్ల గుమస్తా

తా.క. సంతకం పెట్టేశాక కూడా అసలు మాట రాయలేదు చూశావా. నేను ఎంత పిరికిదాన్నో ఈ పాటికి తెలిసే ఉంటుంది.

ఆ రోజు నేను వాళ్లకి ఫోన్ చేయలేదు. చేయకుండానే టిక్కు పెట్టాను. అప్పటికి రెండు నెలలుగా చాలా చీటీల మీద అలాగే పెడుతున్నాను. నాకు చెవులు పోతున్నాయి అన్నయ్యా. కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది సగం పోయింది. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి నెట్టుకొస్తున్నాను. ఫోన్ ఎత్తితే హోరు తప్ప ఒక్క ముక్క అర్థం కాదు. నరం దెబ్బతిందని, ఇక బాగవదని డాక్టరు రాసి చూపించాడు. పాపకు తెలియదు. ఫోన్ బల్ల దగ్గర కూర్చునే మనిషికి చెవుడని తెలిస్తే ఎవరుంచుకుంటారు? అందరూ మెచ్చుకునే ఆ కాగితం నేను కస్టమర్ల కోసం కనిపెట్టలేదు. ఇక ఎవరికీ ఫోన్ చేసే పని లేకుండా బతకాలని కనిపెట్టాను.

ఫోన్ మోగలేదన్న మాట, చెప్పిన ఆ క్షణాన నిజమనుకునే చెప్పాను. నాకు మోగలేదు. నువ్వు వెళ్లిపోయాక తాత నా ఎదురుగా వచ్చి నిలబడి, నిన్న అంతసేపు మోగితే ఎత్తవేం తల్లీ అని అడిగాడు. అప్పుడు తెలిసింది. వెనకాలే పరుగెత్తుకొచ్చి నిన్ను ఆపాల్సింది. నేను తాత చేతులు పట్టుకుని ఎవరికీ చెప్పొద్దని బతిమాలాను.

రేపు ఆ ఆరుగురి ముందు ఇదంతా చెప్పాలని నిశ్చయించుకున్నాను. కానీ నా ధైర్యం మీద నాకే నమ్మకం లేదు. అందుకే ఆ రోజు నేను టిక్కు పెట్టిన ఫోన్ చీటీని నిన్న ఆఫీసు ఫైలులోంచి తీసి తెచ్చాను, ఈ కవరులో పెడుతున్నాను. దాని వెనక, ఫోన్ చేయలేదు, డ్రైవరు తప్పు లేదు అని రాసి సంతకం పెట్టాను. ఇవాళ పెట్టెలో వేస్తే ఇది నీకు బుధవారానికి అందుతుంది. అప్పటికి పెద్దాయన నుంచి నీకు కబురు వచ్చి ఉంటే, నేను చెప్పానన్నమాట. రాకపోతే నోరు పడిపోయిందని అర్థం. అప్పుడు నా మొహం, పాప మొహం చూడకు. చీటీ తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టు.

తిట్టాలనిపిస్తే ఫోన్ చేయకు అన్నయ్యా, మోగినా నాకు తెలియదు. ఎదురుగా వచ్చి తిట్టు.