ప్రెయిరీ కోళ్ల రాయి మీద ఏం చెక్కాలి?

ఎల్క్ హాలో, నెబ్రాస్కా
6 అక్టోబర్ 1958

ప్రియమైన బావమరిది లీలండ్‌కి,

మీ బావ ఆర్విల్ రాస్తున్నది. ఇక్కడ నేను, మీ అక్క వెర్నా, ఆవులు అందరం క్షేమం. మొక్కజొన్న కోత సగం అయింది. మన కాలేజీ ఫుట్‌బాల్ జట్టు, ప్రెయిరీ కోళ్లు, మొన్న శనివారం నలభై ఒకటి సున్నాతో ఓడిపోయాయి. నా పక్క సీట్లో కూర్చుని నువ్వూ చూశావు కాబట్టి ఆ వివరాలన్నీ రాసి నీ కడుపు మళ్లీ మండించను.

ఫోనే చేసేవాణ్ణి గానీ, చుట్టుపక్కల ఇళ్లన్నిటికీ ఒకే లైను, దాని మీద పొరుగింటి హుల్డా ఆవిడ చెవి పెట్టుకుని ఉంటుంది. ఇది బయటికి పొక్కకూడని సంగతి.

డీన్ గారు నన్ను పిలిచి కాఫీ ఇచ్చారు. ఆయన కాఫీ ఇచ్చారంటేనే నా గుండెల్లో రాయి పడింది. సంగతేమిటంటే, జట్టు పుట్టి యాభై ఏళ్లయిందని స్టేడియం గేటు పక్కన నల్లరాయి ఒకటి నిలబెట్టారు, చూశావుగా. దాని మీద జట్టు చరిత్రలోకెల్లా గొప్ప ఘట్టం ఒకటి చెక్కిస్తారట. అందరికన్నా పాత సీట్లు మనవే కాబట్టి అదేదో మనిద్దరమే తేల్చి ఒకే మాట చెప్పాలి. నవంబర్ ఇరవై రెండున మిల్‌బర్న్ వాళ్లతో ఆఖరి మ్యాచ్ ఉందిగా, గడువు ఆ రోజే.

ఇంకో సంగతి. ఈ ఏడు ఒక్క మ్యాచ్ అయినా గెలవకపోతే ట్రస్టీలు ఫుట్‌బాల్ ఎత్తేస్తారట. ఇకనుంచి కాలేజీలో ఈత నేర్పుతారట. అప్పుడు ఆ రాయి సమాధిరాయే అవుతుంది. డీన్ గారు ఆ మాట అనలేదు గానీ, కప్పులోకి చూస్తూ మాట్లాడారు.

చెక్కాల్సిందేమిటో నాకు సందేహం లేదు. 1926లో మిల్‌బర్న్ మీద మంచులో ఆడిన మ్యాచ్. సున్నా సున్నా. యాభై ఏళ్లలో మనం వాళ్ల చేతిలో ఓడనిది ఆ ఒక్కసారే. గస్ హైడెమాన్ విరిగిన భుజంతో ఆఖరిదాకా నిలబడ్డాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా కళ్లు తడుస్తాయి. సరేనని ఒక్క ముక్క రాయి, చాలు.

ఇట్లు,
మీ బావ
ఆర్విల్ బ్రాండ్‌హోర్స్ట్

తా.క. శనివారం నీ పాత టోపీ మర్చిపోకు. నేను ఆకుపచ్చ చొక్కా తొడుక్కుంటాను. సీజను అయ్యేదాకా దాన్ని ఉతకనివ్వను.

తా.క. తమ్ముడూ, ఆ చొక్కాని ప్రస్తుతం వరండాలో ఉంచాం. కుక్క వరండాలోకి రావడం మానేసింది. — వెర్నా

*

గ్రోవ్‌టన్
13 అక్టోబర్ 1958

పూజ్యులైన బావగారికి,

నమస్కారం. ఇక్కడ నేను, ఇర్మా, మందుల షాపు క్షేమమే. మీ ఊరినుంచి తలనొప్పి మాత్రల కోసం వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. అందరూ ఆకుపచ్చ చొక్కాలవాళ్లే.

బావా, నీ మీద నాకెంత గౌరవమో నీకు తెలుసు. కానీ 1926 మ్యాచ్‌ని రాయి మీద చెక్కితే జనం నవ్విపోతారు. ఆ రోజు మంచులో బంతి ఎక్కడో పడిపోతే, చివరి పావుగంటా రెండు జట్లూ కలిసి దాన్ని వెతికాయి. బంతి ఏప్రిల్లో దొరికింది. సున్నా సున్నా రాకపోతే ఇంకేమొస్తుంది?

గొప్ప ఘట్టమంటే 1937లో ఈవాల్డ్ లుండ్ కొట్టిన కిక్కు. సగం మైదానం అవతలనుంచి తంతే బంతి గోలు కర్రల మధ్యనుంచి వెళ్లింది. మిల్‌బర్న్ వాళ్ల మీద మనం మూడు పాయింట్లు ముందున్నాం. ముందున్నాం బావా. ఆ మాట అనుకుంటూ నేను ఇరవై ఏళ్లు బతికాను.

ఇట్లు,
నీ బావమరిది
లీలండ్ వోస్‌బర్గ్

తా.క. తర్వాత ముప్పై నాలుగు మూడుతో ఓడామని నువ్వు రాస్తావని తెలుసు. అది తర్వాతి సంగతి.

తా.క. కొత్త కారు కొన్నాం. వచ్చే శనివారం చూద్దువుగాని.

*

ఎల్క్ హాలో
20 అక్టోబర్ 1958

లీలండ్‌కి,

కారు చూశాను.

చూసినప్పటినుంచీ ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. మెరూన్ రంగు. మిల్‌బర్న్ వాళ్ల రంగు. మన స్టేడియంలో, మన గడ్డి మీద, నా ట్రక్కు పక్కనే తెచ్చి నిలబెట్టావు. అందులోంచి దిగి, క్యాబేజీ కూరిన బన్నులు మా డబ్బాలోంచే తీసుకుని తిన్నావు. జనం నన్ను చూసిన చూపుకి తల కొట్టేసినట్టయింది. ఆ రోజు మనం ఇరవై ఏడు సున్నాతో ఓడామంటే ఎందుకు ఓడమూ?

ఇప్పుడు నాకన్నీ అర్థమవుతున్నాయి. 1926 మీద అంత చులకన ఎందుకో, మన జట్టుకి మంచి మాట దక్కనివ్వకపోవడం ఎందుకో. మిల్‌బర్న్‌లో నీకు షాపు పెట్టే ఆలోచన ఉందని హుల్డా ఆవిడ లైనులో విందట. ఆవిడ విన్నదేదీ అబద్ధం కాలేదు.

నీ 1937 కిక్కు సంగతి కూడా చెబుతాను విను. లుండ్ గోలుకేసి తన్నలేదు. బంతిని అవతలి పక్కకి తన్నబోతే గాలి తిప్పేసింది. ఆ ముక్క లుండే నాతో చెప్పాడు, పశువుల సంతలో. నీ మనసు కష్టపెట్టడం ఎందుకని ఇన్నేళ్లూ దాచాను. ఇక దాచను.

ఇట్లు,
ఆర్విల్ బ్రాండ్‌హోర్స్ట్

తా.క. మీ అక్కని మ్యాచ్‌కి తీసుకెళ్తే రాయి సంగతి ఆవిడే తీర్పు చెబుతుంది కదా అని డీన్ గారన్నారు. 1931 సంగతి ఆయనకి తెలియదు పాపం.

తా.క. నాకు తెలుసు. మర్చిపోనివ్వలేదుగా. కారు బాగుంది తమ్ముడూ. మీ బావ రాత్రి భోజనానికి ముద్ద దిగడం లేదంటున్నాడు గానీ, ఆపిల్ పై మాత్రం దిగుతోంది. — వెర్నా

*

గ్రోవ్‌టన్
27 అక్టోబర్ 1958

బ్రాండ్‌హోర్స్ట్ గారికి,

అది మెరూన్ కాదు. అల్లనేరేడు పండు రంగు. అమ్మినవాడు కాగితం మీద రాసిచ్చాడు. ఎంచుకున్నది ఇర్మా. నేను షాపు పెట్టబోయేది మిల్‌బర్న్‌లో కాదు, అసలు ఎక్కడా కాదు. అక్కడ బజారు వీధిలో మా బేరగాడి షాపు తగలబడిందని ఇర్మా మా అక్కతో ఫోన్లో అంది. హుల్డా ఆవిడ దాన్ని సగమే వింది, మిగతా సగం తనే కలిపింది.

సరే, పెట్టె తెరిచావు కాబట్టి నేనూ తెరుస్తున్నాను. నీ గస్ హైడెమాన్ భుజం ఆటలో విరగలేదు. గదిలోంచి మైదానంలోకి వస్తూ మెట్ల మీద జారిపడ్డాడు. కట్టు కట్టింది నేను. వాడి బదులు దింపడానికి బెంచీ మీద ఇంకో కుర్రాడు లేక ఆడించారు.

చూశావా బావా, మనం ఏం చేశామో? నీది నేను పీకేశాను, నాది నువ్వు పీకేశావు. ఇక మన దగ్గర మిగిలింది 1931లో క్లెమ్ డోర్ష్ బంతి చంకన పెట్టుకుని తీసిన పరుగు. జట్టు చరిత్రలో అంత పొడుగు పరుగు లేదు. దిక్కు తప్ప అన్నీ బాగున్నాయి. ఆ పూట మా అక్క కొత్తగా పెళ్లయి మొదటిసారి మ్యాచ్‌కి వచ్చి, లేచి నిలబడి "అటెందుకు పరిగెడుతున్నాడు, మన గోలు కదా అది?" అని అరవకపోతే, వాడు సర్దుకుని వెనక్కి తిరిగేవాడేమో. ఆవిడ పాదం మంచిది కాదని ఆ రోజే మనిద్దరం తేల్చుకున్నాం. ఇప్పుడు చూస్తే ఆవిడ రాకపోయినా మనం ఏం బావుకున్నామో నాకు తెలియడం లేదు.

ఇందులో నా సీజన్ టికెట్టు పెట్టాను. మిల్‌బర్న్ మ్యాచ్‌కి నేను రాను. నా సీట్లో నీ థర్మాస్ పెట్టుకో. అది నీతో వాదించదు.

భవదీయుడు,
లీలండ్ వోస్‌బర్గ్

తా.క. టోపీ పంపను. నువ్వు పెట్టుకుంటే ఏ గాలికో కొట్టుకుపోతుంది.

*

ఎల్క్ హాలో
16 నవంబర్ 1958

వోస్‌బర్గ్ గారికి,

నేనూ వెళ్లను.

నీ సీటు ఖాళీగా, పక్కన నేనొక్కణ్ణే. జనం "మీ బావమరిది ఏడీ?" అని అడిగితే ఏం చెప్పను? అందరిముందూ నన్ను ఒంటరివాణ్ణి చేద్దామని టికెట్టు పంపావు. తీరా నేను రాకపోతే, నువ్వు చక్కగా ఇంకో టికెట్టు కొనుక్కుని వచ్చి కూర్చుంటావు. నీ ఎత్తు నాకు తెలుసు. పదేళ్ల వయసునుంచీ నువ్వు చెకర్స్ ఆడే పద్ధతే అది.

నిన్న ఓడాక ఈ ఏడు ఇక ఒక్కటే మ్యాచ్ మిగిలింది. మనం గెలవం. ఆ మాట నా చేతులతో నేనే రాస్తున్నాను, చూడు నా గతి. ఆ మ్యాచ్ అయిన సోమవారం ట్రస్టీలు సంతకాలు పెడతారు. రాయి ఖాళీగా ఉంటే ఖాళీగానే ఉండనీ. మనకి తగింది అదే. డీన్ గారికి కూడా అదే చెప్పేశాను. ఆయన ఈసారి కాఫీ ఇవ్వలేదు.

రెండు టికెట్లూ స్టవ్వు మీది పిండి డబ్బాలో పడేశాను. ఆ పూట పశువుల కొట్టంలో కూర్చుంటాను. రేడియో కూడా పెట్టను.

ఆర్విల్

తా.క. చొక్కా ఉతికినందుకే ఓడుతున్నామనుకోకు. ఇవాళ్టిదాకా ఉతకలేదు.

తా.క. ఆ డబ్బా నాది. — వెర్నా

*

గ్రోవ్‌టన్
శనివారం, 22 నవంబర్

బావా,

మ్యాచ్ నడుస్తూ ఉండాలి. షాపు వెనక గదిలో కూర్చున్నాను. రేడియో పక్కనే ఉంది, ముట్టుకోలేదు. నేను విన్నప్పుడల్లా వాళ్లకి ఏదో ఒకటి జరుగుతుంది.

నువ్వు వెళ్లే ఉంటావు. కోపంలో అలా రాశావు గానీ, ఆకుపచ్చ చొక్కా చూస్తే నీ మనసు ఆగదు. ఎలా ఓడామో మాత్రం నెమ్మదిగా రాయి. ఒక్కసారిగా రాయకు. నీ పక్కన లేకపోవడం ఏం బాగాలేదు. ఇర్మా కూడా జుట్టు సెట్ చేయించుకోవాలని కారు తీసుకుపోయింది. ఇల్లంతా బోసిగా ఉంది.

లీలండ్

తా.క. టోపీ పెట్టుకునే కూర్చున్నాను.

*

ఎల్క్ హాలో
ఆదివారం, 23 నవంబర్ 1958

తమ్ముడు లీలండ్‌కి,

అక్క వెర్నా ఆశీస్సులు. మీ బావ కలం పట్టే స్థితిలో లేడు. కొట్టంలో ఆవు పక్కన స్టూలు మీద కూర్చుని గోడకేసి చూస్తున్నాడు. నీ ఉత్తరం ఇంకా రాలేదు గానీ, నువ్వు కూడా ఇంట్లోనే కూర్చున్నావని ఇర్మా చెప్పింది. తను ఇంకా నీతో ఏమీ అనలేదు. నా ఉత్తరం అందేదాకా ఆగమన్నాను. ఆ ముచ్చట నేనే చెప్పాలనుకున్నాను, నా స్వార్థం.

గెలిచామని పేపర్లో చూసే ఉంటావు. రెండు సున్నా. యాభై ఏళ్లలో మిల్‌బర్న్ మీద మొదటిసారి. ఎలా గెలిచామో పేపరువాడు సరిగ్గా రాయలేదు. వాడు కూడా పొగమంచులో ఏమీ చూడలేదు. నేను చూశాను. మీ సీట్లలోంచి చూశాను.

శుక్రవారం పిండి డబ్బా దులిపి టికెట్లు తీశాను. ఇర్మాకి కబురు చేస్తే ఆ అల్లనేరేడు పండు రంగు కార్లో వచ్చింది. నా మీద ఒట్టు, అది మెరూనే. ఇద్దరం బన్నులు కట్టుకుని పోయాం. గేటు దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. ఇరవై ఏడేళ్లనుంచి నా పాదం మంచిది కాదని మీరిద్దరూ అంటూనే ఉన్నారు. అనడం కాదు తమ్ముడూ, నేను నమ్మాను. శనివారం వచ్చిందంటే బన్నులు కట్టిచ్చి, వంటింట్లో స్టేడియానికి వీపు పెట్టి కూర్చునేదాన్ని. అటు తిరిగినా ఓడిపోతారేమోనని. నాకు అందుకే ఏడుపొచ్చింది. ఇర్మా చెయ్యి పట్టి లోపలికి లాక్కుపోయింది.

మైదానమంతా బురద. పొగమంచు. కాసేపటికి ఎవరు ఎవరో తెలియకుండా అందరూ మట్టి రంగులోకి వచ్చారు. ఆఖర్లో మనవాళ్ల చేతిలోంచి బంతి జారింది. మిల్‌బర్న్ కుర్రాడొకడు దాన్ని చంకలో పెట్టుకుని, గిర్రున రెండు చుట్లు తిరిగి, పరుగు అందుకున్నాడు. ఎటో తెలుసా? తన గోలు వైపే. అచ్చం క్లెమ్ డోర్ష్ లాగా. స్టేడియంలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. మిల్‌బర్న్ జనం లేచి చప్పట్లు కొడుతున్నారు. నాకు మాత్రం వాడు తిరగడంతోనే తెలిసిపోయింది.

ఈసారి నేను నోరు మెదపలేదు.

ఇర్మా లేచి "అదేమిటి, వాడు అటు..." అనబోతే, బన్ను పట్టుకున్న చేత్తోనే ఆవిడ నోరు మూసేశాను. క్యాబేజీ కొంచెం ముక్కులోకి పోయింది, క్షమించమన్నాను. వాడు తన గోలు గీత దాటి జారి పడ్డాడు, మనవాళ్లంతా వాడి మీద పడ్డారు. అలా పడితే మనకి రెండు పాయింట్లట. ఆ పైన ఇంకేమీ జరగలేదు. జరగాల్సిన అవసరం కూడా లేకపోయింది. జనం గోలు కర్రలు పీకి భుజాల మీద ఊరేగించారు. ఒక ముక్క నేనూ తెచ్చాను. టమాటా తీగకి పాతుతాను.

డీన్ గారు మా సీట్ల దగ్గరికి పరిగెత్తుకుంటూ వచ్చారు. ట్రస్టీల పెద్దాయన వెనకాలే ఉన్నాడు, ముఖం ఎర్రగా, టోపీ ఎక్కడో పోయింది. జట్టు ఉంటుంది. ఈత వెనక్కి పోయింది. రాయి సంగతి అడిగితే నేనే చెప్పి రాయించాను: "మిల్‌బర్న్ మీద 2–0, నవంబర్ 22, 1958. చూసినవారు వెర్నా బ్రాండ్‌హోర్స్ట్, ఇర్మా వోస్‌బర్గ్."

మీ బావ మూడుసార్లు ఒకే మాట అడిగాడు, "అయితే ఇన్నేళ్లూ మంచిది కాని పాదం నాదా?" అని. నాకు జాలేసింది. నువ్వొక్కడివే కాదు, లీలండ్ కూడా ఉన్నాడు కదా అని ఓదార్చాను. వచ్చే ఏడునుంచి ఆ సీట్లు మావి. మీరిద్దరూ ఎక్కడ కూర్చుంటారో మీ ఇష్టం, గేటు లోపల మాత్రం కాదు. బన్నులు మీరే కట్టాలి.

ఇట్లు, ప్రేమతో
మీ అక్క
వెర్నా

తా.క. లీలండ్, నేను ఆర్విల్‌ని. కారు గురించి అన్నవన్నీ మనసులో పెట్టుకోకు. గేటు బయట, ఆ రాయి దగ్గర దాకా రావచ్చా అని మీ అక్కని అడిగాను. ఆలోచిస్తానంది. నువ్వూ ఓ మాట వేయి. శనివారం పొద్దున్నే నా చొక్కా ఉతికేసిందట.