కుర్చీలకు బదులు బల్లలు

గ్రాంటు అధికారిగారికి నమస్కారం.

పన్నెండు కుర్చీలకని తీసుకున్న డబ్బుతో రెండు పొడవాటి బల్లలు ఎందుకు చేయించారని, సంజాయిషీ నచ్చకపోతే రెండో విడత ఆపుతామని రాశారు. బల్లలు చేయించాలన్న నిర్ణయం నాదే.

మాది భార్యలు పోయిన మగవాళ్ల సంఘం. అద్దె కుర్చీలున్నన్నాళ్లూ ఎవరికివారు గోడవారకు లాక్కుని కూర్చునేవారు. బల్లమీద ఆ వీలు లేదు. ఏడాదిగా నోరు విప్పని దర్జీ, మొదటిరోజే వడ్రంగితో, "కాస్త జరుగు బావా, బల్లంతా మీ మామగారిచ్చారా ఏంటి?" అన్నాడు. అందరం నవ్వాం. తర్వాత గంటసేపు అతను భార్య గురించి చెప్పాడు. నేనూ మా ఆవిడ పేరు పలికాను.

డబ్బు తిరిగి కట్టమంటే కడతాం, బల్లలు మాత్రం ఇవ్వం. రెండో విడత దరఖాస్తు జతచేశాను. అందులో ఈసారి మూడో బల్ల అనే రాశాను.

ఇట్లు,
సంఘం లెక్కలు రాసేవాడు